అనధికార వాన

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే తూర్పున పిడుగు పడితే పడమటి కుందేళ్లకి మర్నాడు పుకారుగా చేరేంత పెద్ద అడవిలో, పిల్లలకి బడి అనేది ఉండేది కాదు.

ఎండాకాలం తునికి చెట్ల కింద రాలిన పళ్లకోసం కొట్టుకునేవాళ్లు. వానొస్తే బురదలో జారేవాళ్లు. చలికాలం ఎండ పడే బండ ఎక్కడుందో వెతుక్కుని, దాని మీద ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ కూర్చునేవాళ్లు. పొద్దు గూకితే తల్లులు వచ్చి చెవి పట్టుకుని లాక్కుపోయేవాళ్లు. దీనికి చదువని పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

తోచింది వాలేశ్వర్రావుకి. ఆయన కొండముచ్చు. పట్నంలో ఒక బడి పెంకుల మీద ఏడాది పాటు కాపురముండి, పిల్లల టిఫిన్లు తిని వచ్చాడు. పాఠాలన్నీ కిటికీలోంచి చూశాడు కాబట్టి చదువుకున్నవాడి కిందే లెక్క. ఆయన అడవి సభలో లేచి, తోక భుజం మీద ఉత్తరీయంలా వేసుకుని, పట్నం వింతలు చెప్పాడు.

అక్కడ మనుషులు చంటిపిల్లల్ని బస్సెక్కించి ఊరి చివర తోపుకి తీసుకొస్తారట. రబ్బరు బూట్లు తొడిగి బురదలో దొర్లమంటారట. దొర్లితే చప్పట్లు కొడతారట. దాన్ని అడవి బడి అంటారట.

"మరి మన పిల్లలు?" అన్నాడు వాలేశ్వర్రావు, గొంతు కాస్త వణికించి. "అడవిలోనే పుట్టారు, అడవిలోనే పెరుగుతున్నారు. ఒక్కరోజైనా అడవి బడి మొహం చూశారా?"

సభ సిగ్గుతో తల దించుకుంది. ఒక్క అడవిపంది మాత్రం, పేరు గంగానమ్మ, ఏడుగురు బిడ్డల తల్లి, ఊరుకోలేకపోయింది. తన పిల్లలు పొద్దస్తమానం బురదలోనే ఉంటారు కదయ్యా అంది.

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు."

"అదీ సంగతి. నేర్పకుండా వచ్చింది చదువు కాదమ్మా, అలవాటు."

గంగానమ్మకి నిజమే కాబోలు అనిపించింది. తన పిల్లలు ఇన్నాళ్లూ చదువు లేకుండా దొర్లారే అని కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది.

సభ చివరి వరసలో నీలాద్రి అనే కుర్ర నెమలి కూర్చునున్నాడు. అతనికి ఇదేదీ వినపడలేదు. ముందు వరసలో సువర్చల కూర్చునుంది. ఆడ నెమళ్లకి పింఛం ఉండదు, రంగులుండవు అని లోకం అంటుంది. లోకానికి కళ్లు లేవు. సువర్చల మెడ తిప్పినప్పుడు ఆ మెడ మీద పచ్చదనం ఒక్క క్షణం మెరిసి ఆరిపోతుంది, చెరువులో చేప తిరగబడినట్టు. ఆ ఒక్క మెరుపు కోసం నీలాద్రి ఎన్ని సభలైనా కూర్చుంటాడు.

సువర్చల తండ్రి పురుషోత్తం. ముసలి నెమలి, మాట కటువు. కిందటి వారమే నీలాద్రి ధైర్యం చేసి, "మావయ్యగారూ" అని మొదలుపెడితే, అంతదాకా రాలేదు, ముందు విషయం చెప్పమన్నాడు. నీలాద్రి విషయం చెప్పాడు.

"పురి అందరూ విప్పుతారు నాయనా. ఉద్యోగం ఉందా?"

లేదు. నెమలికి ఉద్యోగమేమిటి?

"అదే మరి. మబ్బు పట్టినప్పుడు నీ అందం చూసి ఇస్తాను. మబ్బు పోయాక? పర్మనెంటు ఉద్యోగం చూపించు, పిల్లని తీసుకుపో."

అందుకని, బడికి మేష్టార్లు కావాలనగానే నీలాద్రి అందరికంటే ముందు వెళ్లి నిలబడ్డాడు. ప్రశ్నలడిగింది వాలేశ్వర్రావే, ఇప్పుడాయన హెడ్మాస్టరు. వానొస్తే ఏం చేస్తావని అడిగాడు.

"నేనేం చెయ్యను సార్. అదే విచ్చుకుంటుంది."

"అలా అనకూడదు. నృత్యం ద్వారా ఋతువును పరిచయం చేస్తాను అనాలి."

నీలాద్రి అలాగే అన్నాడు. వాన మేష్టారుగా టెంపరరీ పోస్టు ఇచ్చారు. వానాకాలం పాఠం ఏ ఫిర్యాదూ లేకుండా గడిచిపోతే పర్మనెంటు.

ఇక సభలో వాన పాఠం ఎప్పుడు పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. మృగశిర కార్తెలో అన్నాడు వాలేశ్వర్రావు. పట్నంలో గోడ మీద వేలాడే కేలండర్లో చూశాడట. రోహిణిలో రోళ్లు పగిలే ఎండ, ఆ తర్వాత మృగశిర, మృగశిరతో వాన.

ప్రెసిడెంటు పెద్దపులి అప్పటిదాకా కునుకు తీస్తున్నాడు. ఆ మాట వినగానే ఒక కన్ను తెరిచాడు.

"మృగశిర అంటే?"

"మృగం, శిరస్సు, దొరవారూ."

"మృగాల శిరస్సు ఎవరు?"

సభ ఒకరి మొహం ఒకరు చూసుకుంది. "తమరే" అన్నారందరూ.

"అయితే నాకు తెలీకుండా మృగశిర ఎలా వస్తుంది?"

సభకి ఇది నిజంగానే ఆలోచించదగ్గ ప్రశ్నలా వినిపించింది. ముసలి దుప్పి ఒకాయన, పాత కాలపు చదువు, మెల్లిగా గొంతు సవరించుకుని, మృగమంటే అసలర్థం జింకేనండీ, అది జింక తల ఆకారంలో ఉండే నక్షత్రమండీ అన్నాడు. ప్రెసిడెంటు రెండో కన్ను కూడా తెరిచాడు.

"జింక తలా? అయితే ఇంకా మంచిది. ఎప్పుడు కావాలో చెప్తాను, పట్రా."

దుప్పి కూర్చున్నాడు. మృగశిర అంటే ప్రెసిడెంటుగారేనని, ఆయన ప్రకటించిన రోజునుంచే వానాకాలమని తీర్మానం అయింది. ఇన్నాళ్లూ వాన ఇష్టమొచ్చినట్టు పడుతోందనీ, దానికి ఒక అదుపు వచ్చిందనీ అందరూ సంతోషించారు.

బడి పెట్టారు. వాగు ఒడ్డున ఒక కొండచరియ ఉంది, కింద గుహలా లోపలికి పోయి ఉంటుంది. అక్కడ పిల్లల్ని కూర్చోబెట్టి, ముందు రేగుకంపతో కంచె వేశారు. కంచె ఎందుకని తల్లులు అడిగితే, పిల్లలు అడవిలోకి పోకుండా అన్నాడు వాలేశ్వర్రావు.

ఆ పిల్లలందరూ కిందటి వానలు వెనకబట్టాక పుట్టినవాళ్లు. గంగానమ్మ ఏడుగురు పిల్లలూ, కుందేలు పిల్లలూ, ఒక ఏనుగు గున్న, ప్రెసిడెంటుగారి కొడుకు చిన్నదొర. ఒక్కడూ వాన చూసినవాడు కాదు. వాళ్లకి రోజూ ఒక పద్యం వల్లె వేయించాలి. వాన కురియును, నేల తడియును, బాలలు ఆనందింతురు. అంతే పాఠం.

"వాన ఎవరు మేష్టారూ?" అని అడిగాడు గంగానమ్మ చివరి కొడుకు బుడంకాయ.

నీలాద్రి చెప్పబోయాడు. ముందు గాలి ఆగిపోతుందిరా, ఆకు కదలదు, ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంటుంది. తర్వాత ఎక్కడో దూరంగా, నీళ్లు తాగిన మన్ను వాసన వస్తుంది. ఇంకా వాన రాలేదు, వాసనే వచ్చింది, అప్పుడు వీపు మీద ఏదో పాకినట్టు ఉంటుంది, మనకి బాగా కావలసినవాళ్లు వెనకనుంచి వచ్చి నిలబడినట్టు...

పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటున్నారు. కొమ్మ మీద వాలేశ్వర్రావు దగ్గాడు.

"మేష్టారూ, సిలబస్‌లో వాసన లేదు."

నీలాద్రికి సువర్చల మెడ గుర్తొచ్చింది. "వాన కురియును" అన్నాడు. "నేల తడియును" అన్నారు పిల్లలు.

ఇలా రోహిణి నడుస్తుండగా ఒక మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. ఆకు కదలలేదు. పడమటి కొండ మీదికి ఎనుములమంద ఎక్కినట్టు మబ్బు ఎక్కింది. మన్ను వాసన గుహ లోపలికి, పిలవని పేరంటాలిలా నడిచొచ్చింది.

"మేష్టారూ, అదేనా?" అన్నాడు బుడంకాయ.

నీలాద్రి హెడ్మాస్టరు వైపు చూశాడు. వాలేశ్వర్రావు మొహంలో రక్తం లేదు. ప్రెసిడెంటుగారు భోంచేసి పడుకున్నారు. ప్రకటన రాలేదు. టపటపమని చినుకులు, ఆ తర్వాత చినుకులు కాదు, తాళ్లు.

"సార్, వాన పడుతోంది."

"పడుతోంది. కానీ అధికారికంగా పడటం లేదు," అన్నాడు వాలేశ్వర్రావు. "ఇది అనధికార వాన. దీన్ని ఎవరూ చూడకూడదు. పిల్లల్ని గోడ వైపు తిప్పండి."

తిప్పారు. వెనక ఆకాశం కూలిపోతుంటే పిల్లలు రాతి గోడకి మొహాలు పెట్టి, వాన కురియును, నేల తడియును అని అరుస్తున్నారు. వాన చప్పుడులో వాన పాఠం వినపడక వాలేశ్వర్రావు ఇంకా గట్టిగా చెప్పమంటున్నాడు.

వాగు అవతల మద్దిచెట్టు కింద సువర్చల నిలబడి ఉంది. అవతలి గట్టున ఉద్యోగం సద్యోగం లేని నెమళ్లంతా పురులు విప్పేశారు. అందులో గోవిందు అనేవాడు, ఎప్పుడూ పొలాల్లో వేరుశనగలు దొంగిలించే గోవిందు, సరిగ్గా ఆమె ఎదుటికి వచ్చి తిరుగుతున్నాడు.

నీలాద్రి, పింఛం పైకి లేవబోతుంటే వీపు రాతికి అదిమి నిలబడ్డాడు. ఉద్యోగం, ఉద్యోగం అని లోపల జపం చేసుకున్నాడు. ఈకలు ఒక్కొక్కటే జారి పక్కలకి వస్తున్నాయి.

"మేష్టారూ," అన్నాడు బుడంకాయ, తల తిప్పి, "మీ వెనకాల ఎవరో ఉన్నారు."

అప్పుడు ఉరిమింది.

ఏం జరిగిందో నీలాద్రికి తర్వాత కూడా సరిగ్గా తెలీదు. విచ్చుకున్న పింఛం గుహకి పట్టలేదు. రేగుకంప మీదికి ఒరిగి, కంచెని ఈడ్చుకుంటూ అతను బయటికొచ్చి పడ్డాడు. దారి దొరికింది. పిల్లలు గోడని వదిలేశారు.

గంగానమ్మ పిల్లలు బురద చూసి ఒక్క క్షణం ఆగారు, ఎప్పుడో పోయిన చుట్టాన్ని చూసినట్టు. మరుక్షణం ఏడుగురూ అందులో ఉన్నారు. ఏనుగు గున్న తన తొండం ఎందుకుందో ఆ రోజే కనుక్కున్నాడు. చిన్నదొర నోరు తెరిచి ఆకాశం కింద నిలబడ్డాడు, మింగుతూ, పొరబోయి దగ్గుతూ, మళ్లీ తెరుస్తూ. వాగు గుహ వైపు ఎక్కుతుంటే, ఎవరూ చెప్పకుండానే పిల్లలు గట్టు పైకి ఎక్కారు. కొమ్మ మీద వాలేశ్వర్రావు నెత్తిన టేకాకు పెట్టుకుని కేకలేస్తున్నాడు, తడవకండిరా, ఇది నిజం వాన కాదు అని.

నీలాద్రి బురదలో ఆడాడు. వెనకాల పందిపిల్లలు, ముందు కుందేళ్లు. సువర్చల అవతల ఉందన్న సంగతే మరిచిపోయాడు. వాన వెలిశాక గుర్తొచ్చి చూస్తే, మద్దిచెట్టు కింద ఎవరూ లేరు.

సాయంత్రం సభ. ప్రెసిడెంటుగారు చెవుల దాకా తడిసి ఉన్నాడు. వాగు ఆయన గుహలోకి వచ్చేసింది. కాపలా నక్కలు లేపలేదు. వాన అనధికారమైనప్పుడు నీళ్లు మాత్రం అధికారమెలా అవుతాయని, మెడలోతు నీళ్లలో నిలబడి కూడా, ఏం లేదు దొరా పడుకోండి అన్నాయట.

వాలేశ్వర్రావు ఫిర్యాదు చదివాడు. కంచె విరిగింది, పాఠం ఆగింది, వాన మేష్టారు అనధికార వానలో పాల్గొన్నాడు. ఎందుకు ఆడావని పులి అడిగాడు.

"మబ్బొచ్చిందండీ."

"మబ్బుకి ఉత్తర్వుందా?"

అదే వేళకి చిన్నదొర, మొహం తప్ప అంతా బురదే, సభ మధ్యలోంచి దూరి తండ్రి ఒళ్లోకి ఎక్కాడు.

"నాన్నా, రేపు కూడా నువ్వేం చెప్పకు. నువ్వు చెప్పకపోతేనే పడుతోంది."

సభలో కొందరికి దగ్గు వచ్చింది. పులికి కోపం వచ్చింది. వాన మేష్టార్ని అక్కడికక్కడే తీసేసి, లేచి నిలబడి, మీసాల్లోంచి నీళ్లు కారుతుండగా, ఈ క్షణం నుంచి మృగశిర మొదలైంది, వానలు కురియుగాక అని గర్జించాడు.

మర్నాడు ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఆ మర్నాడూ అంతే. బయటికొచ్చిన కప్పలు తిట్టుకుంటూ మళ్లీ మట్టిలోకి దిగాయి. కానీ అధికారికంగా వానాకాలం కదా, బడిలో పిల్లల్ని రోజూ మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి తడిసి ఆనందించమంటున్నారు. వాన చూడక ముందు వాళ్లు పద్యం బాగానే చెప్పేవాళ్లు. ఇప్పుడు నేల తడియును అనగానే నేలకేసి చూసి ఏడుస్తున్నారు.

నీలాద్రి ఉద్యోగం లేక, మబ్బు లేక, పింఛం ఈడ్చుకుంటూ తిరిగాడు. గోవిందుకి పర్మనెంటుగా వేరుశనగ చేను దొరికిందనీ, పురుషోత్తం మెత్తబడుతున్నాడనీ కబురు తెలిసింది. వాగు ఒడ్డున కూర్చుని ఆ మెడ మీది పచ్చదనం తలుచుకుంటే, నీళ్లే లేని వాగులో కూడా అది కనిపించేది.

ఇంతలో చిన్నదొర మాట అడవంతా పాకింది. దొరవారు చెప్పకపోతేనే పడుతుంది. అందరికీ తెలిసిపోయింది, కానీ పులి దగ్గరికి పోయి నోరు మూసుకోమని ఎవడు చెప్తాడు? చివరికి గంగానమ్మే బయల్దేరింది. పిల్లల మొహాలు చూడలేక చావడం కంటే ఇదే నయం అంది. వెళ్లి ఎంతో వినయంగా మనవి చేసుకుంది.

"దొరవారి మాటకి అంత బలముంది బాబూ. తమరు ఉరిమేసరికి వాన భయపడి పారిపోయింది. ఆ ప్రకటన వెనక్కి తీసుకుని, దయచేసి కొన్నాళ్లు తమరు మౌనంగా ఉంటే, అది ధైర్యం తెచ్చుకుని వస్తుందేమో."

పులికి ఇది చాలా నచ్చింది. తన మాటకి ఇంత బలముందని ఆయనకి కూడా అనుమానంగానే ఉండేది. ప్రకటన వెనక్కి తీసుకున్నాడు. మౌనం పట్టాడు. అసలు కార్తె ఎవరినీ అడక్కుండా వచ్చే రోజులే అవి. రెండు పూటలు గడిచాయో లేదో, ఆకాశం బద్దలైంది.

అడవంతా వెళ్లి దండలు వేసింది, దొరవారు నోరు మూసుకున్నందుకు. ఇక ఏటేటా మృగశిరకి మౌనోత్సవం జరపాలని తీర్మానమైంది.

వాలేశ్వర్రావు ఊరుకునే రకం కాదు. గాలి ఎటో చూసి కొత్త సిలబస్ తెచ్చాడు. పిల్లలు ఆనందించింది కంచె విరిగినప్పుడే కాబట్టి, వారం వారం కంచె కట్టాలి, వారం వారం విరగ్గొట్టాలి. పాఠం పేరు అనధికార వాన. దానికి అనుభవమున్న మేష్టారు కావాలి. పోస్టు పర్మనెంటు.

పురుషోత్తం పరుగెత్తుకుంటూ వచ్చి నీలాద్రికి కబురు చెప్పాడు. ఈసారి ఆయనే, "అల్లుడూ" అన్నాడు.

నీలాద్రి సంతోషించలేకపోయాడు. మద్దిచెట్టు కింద సువర్చల ఒంటరిగా కనిపిస్తే, మొదటిసారి ఆమెతో మాట్లాడాడు. ఇంతకాలం పెదాల దాకా వచ్చిన మాటలన్నీ పోయి, గంట కొట్టినప్పుడు పురి విప్పడం నాకు చేతకాదు, ఉద్యోగం వద్దంటాను, మీ నాన్న నిన్నివ్వడు అని ఏడుపు గొంతుతో చెప్పాడు.

"ఆ రోజు గోవిందు నన్ను చూస్తూ ఆడాడు," అంది సువర్చల. "నువ్వు నన్ను మరిచిపోయి ఆడావు. కంచె ముల్లు కాలికి తగులుకుని ఉంది, అది కూడా చూసుకోలేదు. నాకు నచ్చింది ఆ పిచ్చివాడు."

"మరి ఉద్యోగం?"

ఆమె మెడ తిప్పింది. ఆ పచ్చదనం మెరిసింది.

"చేరు. నాన్నకి పర్మనెంటు కావాలి, చూపించు. పర్మనెంటు అయ్యాక బడికి వెళ్లమని ఎవరన్నారు?"

నీలాద్రికి లోకం మొత్తం ఒక్కసారి అర్థమైనట్టు అనిపించింది.

పెళ్లైంది. ఇప్పటికీ ఆ అడవిలో మబ్బు పట్టగానే వాన మేష్టారు బడిలో ఉండడు. వాగు అవతల సువర్చల ఎదుట ఉంటాడు. పిల్లలు కూడా అతని వెనకే ఉంటారు, కాపలాకి ఒకడు తప్ప. ఖాళీ గుహలో వాలేశ్వర్రావు హాజరు పట్టీలోంచి తలెత్తకుండా పేర్లు పిలుస్తాడు, బుడంకాయ ఒక్కడే అందరి గొంతులతోనూ, మేష్టారి గొంతుతో సహా, హాజరు సార్ అంటాడు. తర్వాత వాడూ కంచె దూకుతాడు.

నీతి: మనసు పురి విప్పి ఆడాలంటే, ముందు ఉద్యోగం పర్మనెంటు చేయించుకోవాలి.